కొమురయ్య ఆపిన పంకా

సోమవారం

పొద్దున్నే ఐదో వాడలో పంకా బెల్టు తెగింది. నేను నీళ్ల వరుసలో ఉన్నాను. ఖాజా అన్న పంపిన మనిషి వచ్చి చెప్పగానే బిందె పక్కింటామెకు అప్పజెప్పి పరుగెత్తాను. నేను చేరేసరికి ఐదో వాడ జనం పిల్లల్ని చంకనేసుకుని నాలుగో వాడ వైపు నడుస్తున్నారు. కేకలు లేవు, తోపులాట లేదు. పైన ఎండలు ముదిరిన దగ్గర్నుంచి వానలు పడేదాకా ఈ పాత గనిలోనే, నల్లబండ బాయిలోనే, కాపురం చేసేవాళ్లు వీళ్లంతా. పంకా చప్పుడు ఆగితే ఏం చేయాలో వీళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఖాజా అన్న కరెంటు తీసి, కొత్త బెల్టు ఎక్కించి మీట వేశాడు. పంకా పెట్టె మీద దీపం వెలిగింది గానీ పంకా కదల్లేదు. ఆపి మళ్లీ వేశాడు. అంతే.

"బెల్టు మంచిగుంది, మోటారు మంచిగుంది. దీనికి మతి పోయింది స్వరూపమ్మా. ఇగ నువ్వే చూడాలె," అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

కరెంటు, ఇనుము ఆయన పని. ప్రోగ్రాములు నా పని. మా పంకాలు ఎక్కడెక్కడి నుంచో ఏరుకొచ్చినవి. ఒకటి సినిమా హాలుది, ఒకటి కోళ్ల ఫారానిది, ఒకటి ఆస్పత్రిది. దేని ప్రోగ్రాం దానికే. బాయి మొగదల గదిలో ఒక యంత్రం ఉంది. పంకా వివరాలన్నీ అడిగి తెలుసుకుని, దానికి సరిపడే ప్రోగ్రామును తయారుచేసే స్క్రిప్టును అదే రాసి ఇస్తుంది. అందుకే జనం దాన్ని దర్జీ అంటారు. ఆ స్క్రిప్టును తెచ్చి పంకా పెట్టెలో నడిపిస్తే ప్రోగ్రాం తయారై పెట్టెలో తన చోట కుదురుకుంటుంది. అక్కడితో నా పని అయిపోతుంది. దర్జీ రాసినదాన్ని చదివే అలవాటు నాకు లేదు. ఏ బాయిలోనూ ఎవరికీ లేదు.

పెట్టె తెరిచి చూశాను. ప్రోగ్రాం చెడిపోలేదు. అసలు లేనే లేదు. ఉండాల్సిన ఫోల్డర్ ఖాళీగా ఉంది. స్క్రిప్టు మళ్లీ నడిపిస్తే పంకా తిరిగింది. మధ్యాహ్నం బువ్వ వేళకు జనం ఇళ్లకు చేరారు.

నాకు మాత్రం ముద్ద దిగలేదు. స్క్రిప్టు తెరిచి పైనుంచి కిందిదాకా చదివాను. చివర్లో కనిపించింది. తయారైన ప్రోగ్రామును ఎక్కడ పెట్టాలో చెప్పే దారి అది. శాశ్వత ఫోల్డర్ పేరు ఉండాల్సిన చోట తాత్కాలిక ఫోల్డర్ పేరు ఉంది. కరెంటు పోతే ఆ ఫోల్డర్ తుడిచిపెట్టుకుపోతుంది. దర్జీ తను రాసిన స్క్రిప్టును ముందు తన దగ్గరే నడిపి సరిచూసుకుంటుంది. ఆ సరిచూసుకునే చోటు దారినే మాకు పంపే స్క్రిప్టులోనూ ఉంచేస్తోంది. అంటే పొద్దున నేను ఎక్కించిన ప్రోగ్రాం కూడా గాలిలో దీపమే.

ఒక్క వరుస దిద్దాను. సాయంత్రం జనం కూరలు తాలింపు వేసుకుంటుండగా వాళ్లను బతిమాలి మళ్లీ లేపి, పంకా ఆపి, మళ్లీ ఎక్కించాను. ఈసారి కరెంటు తీసి వేసినా పంకా దానంతట అదే తిరిగింది. తాలింపులు మాడినందుకు తిట్లు తిన్నాను.

మంగళవారం

మిగతా ఏడు వాడల పంకాలూ చూశాను. అన్నిటిలోనూ అదే వరుస, అదే తప్పు. ఇప్పుడు తిరుగుతున్నాయంటే ఆపలేదు కాబట్టి తిరుగుతున్నాయి.

ఇన్నాళ్లూ ఎందుకు బయటపడలేదో కూడా అర్థమైంది. వానలు మొదలవగానే పంకాలు ఆపి పైకి వెళ్లిపోతాం. మళ్లీ దిగేటప్పుడు అన్నిటికీ ప్రోగ్రాములు కొత్తగా ఎక్కిస్తాం. ఎండాకాలం మధ్యలో ఏ పంకానూ ఆపకూడదని ఈ బాయిలో కట్టుబాటు ఉంది. నిన్న బెల్టు తెగబట్టి ఆగింది.

మరో సంగతి కూడా ఉంది. పైనుంచి కరెంటు ఇచ్చే తీగ ఎండకు కరిగిపోతోందట. శనివారం మధ్యాహ్నం కొత్త తీగకు మారుస్తామని వారం కిందటే కబురు వచ్చింది. మార్చేటప్పుడు రెప్పపాటు కరెంటు పోతుంది. మాకున్న బ్యాటరీలు దీపాలకే చాలవు. ఆ రెప్పపాటులో పంకాలన్నీ ఆగుతాయి. కరెంటు తిరిగి వచ్చినా అవి తిరగవు. ఒక్కోదానికీ నేను ప్రోగ్రాం ఎక్కించుకుంటూ పోయేసరికి పొద్దు గూకుతుంది. లోతున ఉన్న ఎనిమిదో వాడలో పంకా లేకుండా గంట గడవడమే కష్టం. పైకి పోదామంటే మిట్టమధ్యాహ్నపు ఎండ పసిపిల్లల్ని బతకనివ్వదు.

ఇదంతా ఖాజా అన్నకు చెప్పాను. ఆయన జొన్న రొట్టె తింటున్నాడు. వింటూ వింటూ తుంచిన ముక్క అలాగే పట్టుకుని ఉండిపోయాడు.

"ఏందన్నా?"

"కొమురన్న," అన్నాడు.

నేను ఈ బాయికి వచ్చింది నిరుడే. కొమురయ్య పేరు విన్నాను గానీ సంగతి పూర్తిగా తెలియదు. ఖాజా అన్న చెప్పుకొచ్చాడు. కొమురయ్య ఎనిమిదో వాడ పంకా చూసుకునేవాడు. ముందటేడు ఎండాకాలంలో పంకా లోపల బేరింగ్ అరుస్తోందని, మారుద్దామని ఆపాడు. మార్చాడు. మీట వేస్తే పంకా తిరగలేదు. నాకు ముందు ఈ పని చేసినాయన ఆ రోజు వేరే బాయికి వెళ్లాడు. కొమురయ్య వాడ జనాన్నంతా బయటికి పంపించి, నడవలేని ముసలాయన ఒకరు ఉండిపోతే ఆయన కోసం వెనక్కి వెళ్లాడు. ఇద్దరూ తిరిగి రాలేదు.

"తర్వాత పెట్టె ఇప్పి చూస్తే లోపట ఏం లేదు. తప్పు మీట నొక్కి అంత తుడిచేసిండు అన్నరు. నేను గూడ గట్లనే అనుకున్న స్వరూపమ్మా. నాకు అన్న లెక్క ఉండె. నేను గూడ గట్లనే అనుకున్న."

దర్జీ గదిలో చూసి వచ్చాను. దాని లోపలి రాతను మార్చింది అంతకు ముందటి వానాకాలంలో; ఈ తప్పు అప్పుడే చేరింది. కొమురయ్య పంకా ఆపేనాటికి ఈ తప్పు దారి అన్ని స్క్రిప్టుల్లోనూ ఉంది.

బుధవారం

బాయి కమిటీ పెద్ద నరహరి సార్. పైన బడి ఉన్నప్పుడు లెక్కల పంతులు. ఇప్పుడు రేషను పంచడం నుంచి మొగుడూ పెళ్లాల కొట్లాటలదాకా అన్నీ ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన అందరి మాటా వింటాడు. నా మాట కూడా చివరిదాకా విన్నాడు.

"నడిచే పంకను ఆపొద్దని నేనే కట్టుబాటు పెట్టిన," అన్నాడు. "ఇద్దరు పోయినంక పెట్టిన. ఇప్పుడు నువ్వొచ్చి అన్నీ ఆపుదామంటున్నవ్."

"శనివారం అవే ఆగుతయి సార్. మనం ఆపితే ఒక్కొక్కటి ఆపుతం. జనాన్ని పక్క వాడల కూసోబెట్టి ఆపుతం."

"ఆపకుంట కొత్తది ఎక్కియ్యరాదా?"

"రాదు సార్. పెట్టెల రెంటికి జాగ లేదు. పాతది ఆగాలె, కొత్తది ఎక్కాలె. ఎక్కినంక ఒకసారి కరెంటు తీసి వేసి చూడాలె. చూడకుంట నమ్మలేం."

చివరికి సరేనన్నాడు. అప్పుడు కొమురయ్య సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆయన ముఖంలో రంగు మారింది.

"అందరిని కూసోబెట్టి కొమురయ్య తప్పు చేసిండని చెప్పింది నేనే," అన్నాడు మెల్లగా. "జనం భయపడుతున్నరు. ఎందుకైందో చెప్పకపోతే ఎవరూ నిద్రపోయెటట్టు లేరు. అందుకని చెప్పిన." "ముందు పంకల పని కానియ్యమ్మా. అది నేను చూసుకుంట," అన్నాడు.

దర్జీ గదికి వెళ్లి ఆ దారిని అక్కడే సరిచేశాను. ఇకమీదట రాసే స్క్రిప్టులన్నీ శాశ్వత ఫోల్డర్ పేరుతోనే వస్తాయి. సాయంత్రానికి ఒకటో వాడ, రెండో వాడ అయ్యాయి.

గురువారం

ఇవాళ బాయి అంతా సంతలా ఉంది. మూడో వాడలో పెళ్లికూతురికి పసుపు పెడుతున్నారు. సరిగ్గా అదే వేళకు మేం పంకా ఆపడంతో నాలుగో వాడ జనమంతా సంచులతో, చాపలతో వాళ్ల మీదికి వచ్చి పడ్డారు. పెళ్లికూతురి తల్లి మొదట నెత్తి కొట్టుకుంది. తర్వాత ఇంకో గంజు బియ్యం పొయ్యి మీదికి ఎక్కించింది. నాలుగో వాడ ఆడవాళ్లు కూర్చుని ఉల్లిగడ్డలు కోశారు, పాటలు కూడా పాడారు. పంకా తిరిగిందని చెప్పినా చాలామంది వెళ్లలేదు. తర్వాత మూడో వాడ పంకా ఆపాల్సి వచ్చింది. పెళ్లివాళ్లే పసుపు గిన్నెతో సహా నాలుగో వాడకు తరలారు. నాకూ ఖాజా అన్నకూ ముఖాల నిండా పసుపు పూశారు. ఆ పసుపు ముఖాలతోనే ఆరో వాడ, ఏడో వాడ ముగించాం.

ఎనిమిదో వాడలో మాత్రం పని సాగలేదు.

పంకా పెట్టె ముందు కొమురయ్య భార్య శాంత కూర్చుని ఉంది. నలభై ఏళ్లుంటాయి. సన్నటి మనిషి. కొమురయ్య పోయినప్పటి నుంచి రోజులో ఎక్కువసేపు ఆమె అక్కడే ఉంటుందట. బీడీ ఆకులు కత్తిరించినా, బియ్యం ఏరినా అక్కడే. ఆమె వెనక వాడ జనం గుంపుగా నిలబడ్డారు.

"దీన్ని ముట్టనియ్య," అంది. గొంతు పెంచలేదు. "మీరు మంచోళ్లే అమ్మా. ఆ రోజు ఆపినాయన గూడ మంచోడే."

ఆపకపోతే శనివారం ఏమవుతుందో చెప్పాను. ఆమె తల అడ్డంగా ఊపింది. వెనకనుంచి ఎవరో "మాకు తెల్వదా ఏంది, ఆపితే మల్ల తిరగదు," అన్నారు.

తిరగదని వాళ్లు అన్న మాట నిజమే. ఎందుకు తిరగలేదో వాళ్లకు తెలియదు, అంతే. చెప్పాలని నోటిదాకా వచ్చింది. కానీ అది అందరి ముందూ నరహరి సార్ నోట రావాలి. నేను కొత్తదాన్ని. నేను చెబితే పంకా ఆపించుకోవడానికి కథ అల్లానని అనుకుంటారు. వెనక్కి వచ్చేశాను.

శుక్రవారం

పొద్దున నరహరి సార్ నాకు చెప్పకుండానే ఎనిమిదో వాడకు బయల్దేరాడు. ఖాజా అన్నా నేనూ వెనకాలే వెళ్లాం. ఆయన పంకా ముందుకు వెళ్లి నిలబడి, వాడ వాళ్లందరినీ రమ్మన్నాడు. వచ్చారు.

"ముందటేడు ఈడ నిలబడే ఒక మాట చెప్పిన," అన్నాడు. "కొమురయ్య తప్పు మీట నొక్కిండని. అది నిజం కాదు. పంకలకు ఎక్కిచ్చే ప్రోగ్రాంలనే తప్పున్నది. ఏ పంకను ఆపినా గట్లనే ఖాళీ అయితది. మొన్న ఐదో వాడల ఖాజా చేతుల గూడ గదే అయింది. కొమురయ్య తన పని సక్కగనే చేసిండు. తెలుసుకోకుంట నేను తప్పు ఆయన మీద పెట్టిన. శాంతా, నీకు చెప్తున్న, వాడకు చెప్తున్న. తప్పు నాది."

శాంత ఆయన వైపు కాదు, నా వైపు చూసింది.

"నిజమేనా అమ్మా? ఈయన పెద్దమనిషి. నా మీద జాలిపడి గూడ చెప్తడు. నువ్వు చెప్పు."

"నిజం అక్కా. నేను సదివిన. ఆయన ఏ మీట నొక్కినా, నొక్కకున్నా, ఆపంగనే లోపలున్నది పోతది. ఎవరు ఆపినా పోతుండె."

"ఆయన చేతిల లేదు."

"లేదు."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుంది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు. కాసేపటికి పక్కనున్న ముసలామె వచ్చి ఆమె భుజం పట్టుకుంది. ఆ ముసలామె, నడవలేక ఉండిపోయి కొమురయ్యతో పాటు చనిపోయినాయన చెల్లెలట. ముందటేటి నుంచి శాంతతో మాట్లాడలేదని ఖాజా అన్న తర్వాత చెప్పాడు.

శాంత లేచి పెట్టె ముందునుంచి పక్కకు జరిగింది. "కానియ్యుండ్రి. నేను మాత్రం ఈన్నే ఉంట."

వాడ జనం ఏడో వాడకు వెళ్లారు. శాంత, నరహరి సార్, ఖాజా అన్న, నేను మిగిలాం. సార్‌ను కూడా వెళ్లమన్నాను. వినలేదు.

పంకా ఆపాం. ఆ నిశ్శబ్దంలో ఎవరి ఊపిరి వాళ్లకు వినిపించింది. దిద్దిన స్క్రిప్టు నడిపించాను. ప్రోగ్రాం తయారైంది, శాశ్వత ఫోల్డర్‌లో చేరింది. కళ్లతో చూశాను. ఖాజా అన్న మీట వేశాడు.

పంకా తిరగలేదు.

పెట్టెలో ప్రోగ్రాం ఉంది, అయినా తిరగడం లేదు. ఎనిమిదో వాడది అన్నిటికంటే పెద్ద పంకా, రెండు మోటార్లది. నరహరి సార్ గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గాలి అప్పుడే బరువెక్కుతోంది.

"పోదాం పా బిడ్డా. ఎల్లి మల్ల వద్దాం," అన్నాడు ఖాజా అన్న.

"ఆగు అన్నా. సదవనియ్యి."

శాంత దీపం తీసుకొచ్చి నా భుజం పక్కగా పట్టుకుంది. తెర కనిపించడానికి దీపం అక్కర్లేదు. అయినా వద్దనలేదు.

"ఆయన పక్కన ఎవరూ లేకుండిరి," అంది. "నువ్వు నిమ్మళంగ చూడు చెల్లె."

మళ్లీ మొదటినుంచి చదివాను. ప్రోగ్రామును ఎక్కడ పెట్టాలో చెప్పే దారి దిద్దాను, సరే. రెండు మోటార్లు కలిసి తిరగడానికి కొలతల ఫైలు ఒకటి వేరుగా ఉంటుంది. మిగతా పంకాలకు అది లేదు. ఆ ఫైలు కూడా కొత్త చోటికే వచ్చింది. కానీ దాన్ని ఎక్కడ వెతుక్కోవాలో చెప్పే దారి స్క్రిప్టు మధ్యలో ఇంకోచోట ఉంది. అది పాతదే. పంకా పాపం ఖాళీ ఫోల్డర్‌లో తన కొలతల కోసం వెతుక్కుంటోంది.

ఆ వరుస కూడా దిద్ది మళ్లీ నడిపించాను. అది తయారయ్యేలోపు గాలి ఇంకా బరువెక్కింది. నాకు కణతలు కొట్టుకుంటున్నాయి. "అయింది," అనగానే ఖాజా అన్న మీట మీద చెయ్యి వేశాడు. వేసి, తీసి, శాంత వైపు చూశాడు.

ఆమె ముందుకు వచ్చి మీట వేసింది.

ముందు ఒక మూలుగు, తర్వాత రెక్కల చప్పుడు. గాలి ముఖానికి తగిలాక తెలిసింది, నేను ఏడుస్తున్నానని. కరెంటు తీసి మళ్లీ వేయాలని గుర్తుచేసింది నరహరి సారే. తీశాం, వేశాం. తిరిగింది.

శనివారం

అన్నాల వేళకు కరెంటు పోయింది. ముందే చెప్పాం కాబట్టి జనమంతా వాడల్లో కూర్చుని ఉన్నారు. చీకట్లో ఎక్కడో ఒక పసివాడు ఏడవబోతే తల్లి పాలిచ్చి ఊరుకోబెట్టింది. దీపాలు వచ్చాయి. పంకాలు అన్నీ ఒకేసారి లేవలేదు. సినిమా హాలుది ముందు, కోళ్ల ఫారానిది తర్వాత, అలా ఒక్కొక్కటీ. నేను బాయి నడిమిలో నిలబడి చప్పుళ్లు లెక్కపెడుతూ, మధ్యలో లెక్క తప్పి, ఖాజా అన్న చెయ్యి పట్టుకున్నాను. ఆయన నవ్వుతూ తల ఊపాడు. అన్నీ వచ్చాయి.

ఆదివారం

ఈ దర్జీ మా ఒక్కరి దగ్గరే లేదు. చుట్టుపక్కల బాయిలన్నిటిలోనూ ఇదే. ఏ వరుస దిద్దాలో, పెద్ద పంకాలకు రెండో వరుస ఎక్కడుంటుందో రాసి, బాయిలను కలిపే కబుర్ల తీగ మీద అందరికీ పంపించాను. నరహరి సార్ కొమురయ్య సంగతి కూడా అందులో చేర్చమన్నాడు. పేరుతో సహా చేర్చాను.

మధ్యాహ్నం శాంత దర్జీ గదికి వచ్చింది. ఇదివరకు ఆమె ఇంతదూరం రావడం నేను చూడలేదు. ఆ వరుస ఎక్కడుందో చూపించమంది. చూపించాను. ఆమెకు చదవడం బాగానే వచ్చు. పాత వరుస, కొత్త వరుస రెండూ పెదాలు కదుపుతూ చదివింది. "ఇంతేనా?" అంది. ఇంతే అక్కా అన్నాను.

జవాబులు రావడం మొదలైంది. పాలవాగు బాయి వాళ్లు తమ పంకాల్లోనూ ఉందని, దిద్దుతున్నామని రాశారు. ఎర్రగుట్ట బాయి నుంచి కాసేపు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది. శాంతకు వినిపించేలా పైకి చదివాను.

"మా దగ్గర సాంబయ్య అని పంక మనిషి ఉండె. నిరుడు ఆయన చేతిల పంక గట్లనే ఖాళీ అయింది. ఎవరి పానం పోలేదు గాని, కావాలని చేసిండని బాయిల నుంచి ఎల్లగొట్టినం. ఎండకాలం గూడ దిగనిస్తలేం. పైన పాత నీళ్ల ట్యాంకు కింద ఉంటుండు. పెండ్లాం పిల్లలు ఈన్నే ఉన్నరు. ఇయ్యాల పొద్దు దిగినంక మనిషిని పంపి పిలిపిస్తం."

శాంత నా వైపు తిరిగింది.

"మనిషిని పంపుడు మంచిదే," అంది. "ముందుగాల ఆయన ఇంటామెకు చెప్పుమను చెల్లె. అందరికన్న ముందు ఆమెకే తెల్వాలె."

ఆమె అన్నది అన్నట్టే రాసి పంపించాను. శాంత వెళ్లలేదు. స్టూలు లాక్కుని నా పక్కనే కూర్చుంది. ఇద్దరం తెర వైపు చూస్తూ ఉన్నాం. పొద్దు దిగాక ఎర్రగుట్ట నుంచి ఇంకో జవాబు వచ్చింది. ఈసారి ఆమే చదివింది.

"చెప్పినం. మేం పంపే మనిషి కోసం ఆగలే. ఆమెనే మెట్లెక్కుతున్నది."